ఆ ఒక్క ఫైలు దగ్గర కాస్త ఆగు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం డ్రాఫ్ట్ నిన్న రాత్రి బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్లోనే చదివేశా, నీ రాత చదివిస్తుంది, అందులో డౌట్ లేదు, కానీ డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 12 నించి 13కి వెళ్ళడం గురించి రాస్తూ "సోర్సెస్ డాట్ లిస్ట్‌లో బుక్‌వర్మ్ తీసేసి ట్రిక్సీ అని పెట్టండి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ నాకు కాలింది. బుక్‌వర్మ్ అంటే 12 పేరు, ట్రిక్సీ అంటే 13 పేరు, సరే, కానీ ప్యాకేజీలు ఎక్కణ్ణించి దించుకోవాలో మెషీన్‌కి చెప్పేది ఆ ఫైలే, అసలు కథంతా అందులోనే ఉంది కదరా. తర్వాత కొట్టే కమాండ్లు ఎవడైనా రాస్తాడు.

నా సంగతి చెప్తా విను. 2021లో బస్టర్ (అంటే 10) నించి బుల్స్‌ఐ (11)కి వెళ్ళేటప్పుడు నేనూ ఇంతే, ఫైండ్ రీప్లేస్ కొట్టేసి పనైపోయింది అనుకున్నా. ప్యాకేజీల జాబితా తాజా చేసే ఆప్ట్ అప్‌డేట్ కమాండ్ కొడితే సెక్యూరిటీ లైన్ దగ్గర రిలీజ్ ఫైల్ లేదని ఎర్రర్. అప్పటిదాకా అది బస్టర్ స్లాష్ అప్‌డేట్స్ అని ఉండేది, బుల్స్‌ఐ నించి బుల్స్‌ఐ హైఫన్ సెక్యూరిటీ అని మార్చారు, రిలీజ్ నోట్స్‌లో రాసే ఉంది, మనం చదివితేగా! తెలివిగా ఆ లైన్ ముందు హ్యాష్ పెట్టి దాన్ని పనిచెయ్యకుండా చేసేశా. ఎర్రర్ పోయింది, అప్‌గ్రేడ్ అయిపోయింది, గొప్పగా వ్యాసం కూడా రాసేశా. భద్రతా సవరణలు వచ్చే సెక్యూరిటీ రిపోజిటరీ నించి ఒక్క ప్యాకేజీ కూడా రావట్లేదని నాలుగు నెలల తర్వాత గానీ కనబడలేదు. నా వ్యాసం చూసి చేసినవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ మొహం చెల్లదు.

అందుకే ఒక్కో లైన్ ఎందుకుందో రాయి. అసలు రిలీజ్‌ది ఒక లైను, అప్‌డేట్స్‌ది ఒకటి, సెక్యూరిటీది ఇంకోటి. ఆ ఫైల్లో బుక్‌వర్మ్ లాంటి పేరు బదులు స్టేబుల్ అని రాసుకున్నవాళ్ళకి ఓ మాట చెప్పు, 2025 ఆగస్టు 9న ట్రిక్సీ వచ్చిన రోజునించి వాళ్ళ మెషీన్ వాళ్ళు అడక్కుండానే 13 వైపు చూస్తూ ఉంటుంది. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో పాత ల్యాప్‌టాప్ కొని ఇంకా 11 మీదున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళు నేరుగా 13కి దూకకూడదు, ముందు 12. 12లో నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ అని, వైఫై లాంటి హార్డ్‌వేర్‌ని నడిపే ఫైళ్ళకి కొత్త భాగం వచ్చింది, అది చేర్చకపోతే వైఫై ఫర్మ్‌వేర్‌కి అప్‌డేట్లు ఆగిపోతాయి. 32 బిట్ పీసీ అయితే 13 జోలికే వెళ్ళొద్దను. సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డి ఫోల్డర్లో బ్రౌజర్లవీ వాటివీ బయటి రిపోజిటరీలు ఉంటాయి, అవి ముందు ఆపేయమను, అంతే, దానికి పేజీ అక్కర్లేదు.

నువ్వు 13కి చేశావా అసలు? డ్రాఫ్ట్ చూస్తే చేసినట్టు లేదు. శనివారం ఇంటికి రా, మీ వదిన పెసరట్లు వేస్తానంటోంది, ఆ ల్యాప్‌టాప్ తెచ్చుకో, కూర్చుని చేద్దాం. ఛార్జర్ మర్చిపోకు, పోయినసారిలా.

మీ అన్న