రేటు పెరిగాక అమ్మినా పెట్టినంత రాలేదు, ఎందుకు?

20 వేలు పెట్టి బిట్‌కాయిన్ కొన్నాను, 2 శాతం పెరిగాక అమ్మాను, అయినా పెట్టినంత కూడా చేతికి రాలేదు, మోసం జరిగిందా అని అడిగారు. మోసం కాకపోవచ్చండి. మొదట్లో నాకూ ఇలాగే అయింది. ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే గానీ లెక్క తేలలేదు.

మీ యాప్ ఫీజు 0.5 శాతం అనుకుందాం. కొన్నప్పుడు 100 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే మీకు వచ్చిన కాయిన్ 19,882 రూపాయలదే. 2 శాతం పెరిగితే సుమారు 20,280. అమ్మేటప్పుడు మళ్లీ ఫీజు, జీఎస్టీ కలిపి 120 పోతే 20,160. అందులో 1 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే పన్ను, 202. చివరికి ఖాతాలో పడేది 19,958.

టీడీఎస్ 2022 జూలై నుంచి ఉంది. నష్టానికి అమ్మినా సరే, అమ్మిన మొత్తం మీద కోస్తారు. రిటర్న్ వేసినప్పుడు మన పన్నులో సర్దుబాటు అవుతుంది కాబట్టి ఆ 202 పోయినట్టు కాదు. కానీ రోజుకు నాలుగుసార్లు కొని అమ్మేవాళ్లకు అసలుకే ఎసరు. లాభం వస్తే 30 శాతం పన్ను, పైన సెస్సు. ఒక కాయిన్‌లో పోయింది ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇదే.

ఫీజు సున్నా అని చెప్పే యాప్‌లో కొన్నా ఒకటి చూసుకోండి. ఒకే నిమిషంలో కొనే రేటు, అమ్మే రేటు పక్కపక్కన పెట్టండి. ఆ రెండింటి మధ్య తేడాయే అసలు ఫీజు.

నాకు బాగా దెబ్బ తగిలింది మాత్రం యాప్‌లోంచి వాలెట్‌కి, అంటే కాయిన్లు మన చేతిలోనే ఉంచుకునే సొంత ఖాతాకి, పంపినప్పుడు. 4 వేల రూపాయల యూఎస్‌డీటీని (డాలర్ విలువకు కట్టిన కాయిన్) ఇథీరియం నెట్‌వర్క్ మీద నా వాలెట్‌కి పంపుకున్నాను. పంపే ఫీజు శాతంలో ఉండదు, ఒకే మొత్తం. 4 వేలకైనా 4 లక్షలకైనా అంతే. చిన్న మొత్తం కాబట్టి నాకు గట్టిగానే తగిలింది. సరే పోనీలే అనుకుని వారం తర్వాత వెనక్కి పంపబోతే వాలెట్ కదలలేదు. యూఎస్‌డీటీ కళ్ల ముందే ఉంది, కానీ గ్యాస్ ఫీజు, అంటే ఆ నెట్‌వర్క్‌లో లావాదేవీకి కట్టే ఫీజు, దాని సొంత కాయిన్ ఈథర్‌లోనే కట్టాలి, నా దగ్గర ఈథర్ ఒక్క పైసా విలువ కూడా లేదు. ఆ టెన్షన్ ఇంతా అంతా కాదు. మళ్లీ ఈథర్ కొని, అది పంపడానికి ఇంకో ఫీజు కట్టి, అప్పుడు బయటపడ్డాను. అన్నట్టు, లావాదేవీ మధ్యలో ఫెయిలైనా గ్యాస్ తిరిగి రాదు.

బిట్‌కాయిన్‌లో కూడా ఫీజు మీరు పంపే విలువను బట్టి ఉండదు, లావాదేవీ డేటా సైజును బట్టి, అప్పటి రద్దీని బట్టి ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో హాల్వింగ్ (కొత్తగా పుట్టే బిట్‌కాయిన్లు సగానికి తగ్గడం) జరిగిన రోజున రద్దీ పెరిగి ఫీజులు ఆకాశాన్నంటాయి. తొందర లేకపోతే రద్దీ తగ్గాక పంపండి.

మీ విషయానికొస్తే, యాప్‌లో ఆ రెండు ఆర్డర్ల వివరాలు తెరవండి. ఫీజు, జీఎస్టీ, టీడీఎస్ విడివిడిగా కనిపిస్తాయి. అవి కలిపినా లెక్క కుదరకపోతే ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.