ఓటీపీ ఉన్నా మెయిల్ పోయింది, సెక్యూరిటీ కీ కొంటే ఆగుతుందా?

కొనండి. ఒకటి కాదు, రెండు.

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇది. తిరుచానూరు రోడ్డులో మీ అన్నగారికి ట్రావెల్స్ ఉంది, బుకింగులు, బిల్లులు, ఫేస్‌బుక్ పేజీ అన్నీ ఒకే జిమెయిల్ మీద నడుస్తున్నాయి, ఫోనుకి ఓటీపీ పెట్టుకున్నా ఎవరో లోపలికి దూరి కస్టమర్లకి అడ్వాన్సు పంపమని మెయిళ్ళు పెట్టారు. ఇప్పుడెవరో యూఎస్‌బీ కీ (లాగిన్ అయ్యేటప్పుడు కంప్యూటర్‌కి గుచ్చే, పెన్ డ్రైవ్ లాంటి చిన్న ముక్క, దాన్నే సెక్యూరిటీ కీ అంటారు) కొనమన్నారు. అది ఓటీపీ కంటే ఎక్కువేం చేస్తుంది, పారేసుకుంటే మన ఖాతా మనకే మూసుకుపోదా అని అడిగారు. నేను తిరుపతిలోనే జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తాను. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ నా మెయిల్లోనే ఉంటాయి కాబట్టి కొన్నేళ్ళుగా ఈ కీలు వాడుతున్నాను, నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి పెట్టించాను కూడా.

ముందు ఓటీపీ ఎందుకు ఆపలేకపోయిందో చెప్తాను, ఎందుకంటే కీ విలువంతా అక్కడే ఉంది. నాకు తెలిసిన ఒక లాడ్జి వాళ్ళకి ఇలాగే జరిగింది. ‘మీ లాడ్జి మీద ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో వివరాలు సరిచూసుకోకపోతే బుకింగులు ఆపేస్తాం’ అని బుకింగ్ సైట్ పేరుతో మెయిల్ వచ్చింది. కౌంటర్లో కూర్చునే అబ్బాయి లింకు నొక్కాడు, అచ్చం అసలు పేజీ లాగే ఉంది, పాస్‌వర్డ్ కొట్టాడు, యజమాని ఫోనుకి ఓటీపీ వచ్చింది, ‘అన్నా నంబరు చెప్పన్నా’ అని అడిగి అదీ కొట్టాడు. ఆ నకిలీ పేజీ వెనక ఉన్నవాడు అదే నిమిషంలో రెండింటినీ తీసుకెళ్ళి అసలు సైట్లో కొట్టేశాడు. ఓటీపీ నిజమైనదే, వచ్చింది అసలు కంపెనీ నుంచే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. గదులు నిండిపోయిన శనివారం సాయంత్రం, కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉన్నప్పుడు సైట్ పేరులో ఒక అక్షరం తేడా ఎవరు చూస్తారు?

మన ఊరివాళ్ళకి ఈ పేర్ల గొడవ కొత్తేమీ కాదు. టీటీడీ బుకింగ్ సైట్ పేరే కొన్నేళ్ళలో మారుతూ వచ్చి 2024 జనవరి నుంచి టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అయింది. ఈలోపు దానికి దగ్గరగా ఉండే పేర్లతో నకిలీ సైట్లు పుట్టడం, టీటీడీ హెచ్చరించడం, పోలీసు కేసులు పెట్టడం చూస్తూనే ఉన్నాం. 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే పొద్దున ఫోను పట్టుకుని కూర్చున్న మనిషికి ఏది అసలో ఏది నకిలీయో కంటితో తేల్చుకోమనడం అన్యాయం. (టీటీడీ సైట్లో ఈ కీలు వాడేందుకు లేదు, అక్కడ ఓటీపీయే. పేర్లు ఎలా మోసం చేస్తాయో చెప్పడానికి రాశాను.)

సెక్యూరిటీ కీ ఆ తేల్చే పని తనమీద వేసుకుంటుంది. జిమెయిల్లో కీని మొదటిసారి కలిపినప్పుడు అది లోపల డిజిటల్ తాళంచెవుల జత ఒకటి తయారు చేసుకుంటుంది, అందులో రహస్యమైన సగం ఆ ముక్కలోనే ఉండిపోతుంది, బయటికి రాదు. ఆ జత ఆ సైట్ పేరుకి కట్టుబడి ఉంటుంది. తర్వాత లాగిన్ అయ్యేటప్పుడు బ్రౌజర్ తాను నిజంగా ఏ సైట్లో ఉందో ఆ పేరును కీకి అందిస్తుంది. పేరు ఒక్క అక్షరం మారినా కీ దగ్గర దానికి సరిపడే జత ఉండదు, సంతకం పెట్టదు, కథ అక్కడితో ఆగిపోతుంది. ఫోన్లో చదివి చెప్పడానికి అంకె కూడా ఏమీ ఉండదు. లాడ్జి అబ్బాయి పూర్తిగా నమ్మేసి సాయం చేద్దామనుకున్నా చేయలేడు.

ఇది నా మాట ఒక్కటే కాదు. గూగుల్ 2017 మొదట్లో తన 85 వేల మందికి పైగా ఉద్యోగులకి కీ తప్పనిసరి చేసింది, ఆ తర్వాత వాళ్ళ ఆఫీసు ఖాతా ఒక్కటి కూడా ఫిషింగ్‌లో (ఇలాంటి నకిలీ పేజీల మోసంలో) పోలేదని 2018లో చెప్పింది. 2022లో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీలో ముగ్గురు ఉద్యోగులు నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టేశారు, అయినా అందరికీ కీలు ఉండటంతో దొంగలు లోపలికి రాలేకపోయారు. ఇంచుమించు అదే రోజుల్లో అలాంటి మెసేజీలకే ట్విలియో అనే ఇంకో కంపెనీ దొరికిపోయింది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళది ఇంటర్నెట్ భద్రత వ్యాపారమే. వాళ్ళలోనే ముగ్గురు మోసపోయారంటే మన కౌంటర్లో కూర్చునేవాళ్ళు జాగ్రత్తగా ఉంటే చాలులే అనుకోవడం సరికాదు.

ఇక్కడ ఒక గందరగోళం. టెండర్లు వేసేవాళ్ళూ, కంపెనీ ఫైలింగులు ఉన్నవాళ్ళూ ‘మా దగ్గర డీఎస్సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) టోకెన్ ఉంది కదా, అదే పెట్టెయ్యకూడదా’ అని అడుగుతారు. చూడటానికి అదీ పెన్ డ్రైవ్ లాంటిదే, దానికీ పిన్ ఉంటుంది, కానీ అది డిజిటల్ సంతకం కోసం, జిమెయిల్‌కి పనికిరాదు. కొనేటప్పుడు ఫైడో2 (FIDO2, ఈ కీలు పనిచేసే పద్ధతి పేరు) అని రాసి ఉన్నదే అడగండి. యుబికో కంపెనీవి ఉన్నాయి, గూగుల్ టైటాన్ ఉంది, ఫైటియన్ ఉంది. యుబికోలో ఖరీదైన యుబికీ 5 సిరీస్ మీకక్కర్లేదు, ‘సెక్యూరిటీ కీ’ అనే చవక సిరీస్ చాలు. 5 సిరీస్ తాకితే తెరిచి ఉన్న టాలీలోనో వాట్సాప్‌లోనో పొడుగాటి అక్షరాల వరస దానంతటదే టైపయిపోతుంది, తెలియనివాళ్ళు వైరస్ వచ్చిందని హడలిపోతారు. చవక దాంట్లో ఆ బాధ లేదు. చవక అన్నా వేలల్లోనే ఉంటుంది, అదీ రెండు కొనాలి, నిజమే. కానీ ఒక్క సీజన్ బుకింగుల మెయిల్ పోతే పోయేది ఇంతకంటే చాలా ఎక్కువ. సెకండ్ హ్యాండ్ మాత్రం వద్దు. వీటి లోపలి సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేయడం కుదరదు, పాతది కొంటే పాతదిగానే ఉంటుంది.

పెట్టడం పది నిమిషాల పని. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ, అందులో 2-స్టెప్ వెరిఫికేషన్, అందులో పాస్‌కీలు, సెక్యూరిటీ కీలు. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: విండోస్ ముందుకొచ్చి ‘నా దగ్గరే దాచుకుంటాను’ అన్నట్టు పిన్ అడుగుతుంది. అక్కడ ఓకే కొట్టేస్తే అది కంప్యూటర్లో సేవ్ అవుతుంది, కీలో కాదు. ఆగి, వేరే చోట దాచుతానని చెప్పి సెక్యూరిటీ కీ అన్నది ఎంచుకోండి. అప్పుడు కీకి పిన్ పెట్టమంటుంది, దాని మీద దీపం మినుకుమినుకుమంటుంది, మధ్యలో ఉన్న బంగారు రంగు బిళ్ళ మీద వేలు ఆనించాలి. వేలు అనగానే ఆధార్ మిషన్ మీద పెట్టినట్టు బొటనవేలు గట్టిగా అదిమిపట్టేవాళ్ళే ఎక్కువ. మామూలు మోడళ్ళలో అది వేలిముద్ర చూడదు, ఎవరి వేలైనా ఒకటే, మనిషి అక్కడ ఉన్నాడని తెలియడానికే. పిన్ మాత్రం వరసగా ఎనిమిదిసార్లు తప్పు కొడితే కీ మూసుకుపోతుంది, మళ్ళీ వాడాలంటే లోపలున్నవన్నీ చెరిపేయాల్సిందే. కాబట్టి ట్రావెల్స్‌లో ఎవరు ఆ కీ వాడతారో వాళ్ళకే పిన్ తెలియాలి, గోడ మీద రాసిపెట్టకండి.

పోతే ఏంటి అన్నదానికి జవాబు ఆ రెండో కీయే. రెండింటినీ ఒకే రోజు, ఒకే కూర్చోవడంలో ఖాతాకి కలపండి, తర్వాత కలుపుదాంలే అంటే కలపరు. ఒకటి మీ అన్నగారి తాళాల గుత్తిలో, ఇంకొకటి వేరే ఇంట్లో. నాది చిత్తూరులో మా అక్క బీరువాలో ఉంది. ఒకటి పోతే రెండోదాంతో లోపలికి వెళ్ళి పోయినదాన్ని జాబితాలోంచి తీసేయడమే. దొరికినవాడికి దాని మీద మీ పేరుండదు, ఏ ఖాతాదో తెలియదు, పిన్ తెలియదు. ఐఫోన్ వాళ్ళ ఆపిల్ ఖాతాకైతే ఆపిల్ తానే రెండు కీలు లేనిదే ఒప్పుకోదు, 2023లో ఐఓఎస్ 16.3తో మొదలుపెట్టినప్పటి నుంచీ అదే రూలు. గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు కూడా ఇస్తుంది, ప్రింటు తీసి ఇంటి పత్రాలతో పెట్టండి, ఆ మెయిల్లోనే ఫోటో తీసి దాచుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కీ పెట్టి, పక్కన ఎస్‌ఎమ్‌ఎస్ ఓటీపీని అలాగే ఉంచితే సగం పనే అయినట్టు. దొంగ ‘వేరే పద్ధతి’ అని నొక్కి ఓటీపీ దారిలోనే వస్తాడు. రెండు కీలూ పనిచేస్తున్నాయని చూసుకున్నాక 2-స్టెప్‌లోంచి ఫోను నంబరు తీసేయండి. దమ్ముంటే గూగుల్ అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్‌లో చేరండి, ఉచితమే. పక్కదారులను అది మరీ బిగిస్తుంది.

ఇవన్నీ చేసేముందు, మీ మెయిల్లో ఇప్పటికే ఒకడు తిరిగాడు కాబట్టి, వాడు వదిలి వెళ్ళినవి ఊడ్చేయాలి. పాస్‌వర్డ్ మార్చి, ఖాతా తెరిచి ఉన్న డివైస్‌లన్నింటినీ సైన్ అవుట్ చేయండి. జిమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. ‘పేమెంట్’ అన్న మాట ఉన్న మెయిళ్ళన్నీ ఇంకో అడ్రసుకి వెళ్ళేలా ఒక ఫిల్టర్ పెట్టి పోతారు, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది పనిచేస్తూనే ఉంటుంది. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా, యాప్ పాస్‌వర్డ్‌లు (వేరే యాప్‌లు మెయిల్లోకి రావడానికి ఇచ్చే విడి పాస్‌వర్డ్‌లు) ఏమైనా కొత్తగా ఉన్నాయా అన్నవీ చూడండి. డబ్బు పంపిన కస్టమర్లుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కీ చేయలేనివి కూడా తెలుసుకుని కొనండి. మీ బ్యాంకు యాప్‌కీ యూపీఐకీ ఇది పనికొస్తుందని ఆశపెట్టుకోవద్దు, అక్కడ పిన్, ఓటీపీలే. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ విడిగా పెట్టుకోవాలి. పెళ్ళి పత్రిక అనో చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) ఎవరైనా ఇన్‌స్టాల్ చేసినా, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో ఎక్కించినా, లాగిన్ అయి ఉన్న సెషన్‌నే ఎత్తుకుపోతారు, అప్పుడు కీ అడ్డుపడదు. ఆఫీసు కంప్యూటర్లో అలాంటివి ఉంటే ముందు తీయించండి.

ఇంట్లో మిగతావాళ్ళ మెయిళ్ళకి ఖర్చు పెట్టక్కర్లేదు, ఫోన్లోనే పాస్‌కీ (ఫోనే కీ పని చేసే ఏర్పాటు) పెట్టండి. సైట్ పేరు సరిచూసే పని అదీ ఇలాగే చేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. వ్యాపారం మెయిల్‌ని నలుగురు నాలుగు సిస్టమ్‌లలో తెరుస్తారు కాబట్టి దానికి మాత్రం విడిగా కీ ఉండాలంటాను.

ఆర్డర్ పెట్టేముందు ఆఫీసు సిస్టమ్‌కి టైప్-ఏ (మామూలు పెన్ డ్రైవ్ పట్టే) పోర్టే ఉందా, సీ కూడా ఉందా చూడండి. మీ అన్నగారి ఫోన్లో ఎన్‌ఎఫ్‌సీ (గుచ్చకుండా ఆనిస్తే పనిచేసే వైర్‌లెస్ పద్ధతి) ఉంటే కీని వెనక ఆనిస్తే చాలు, మందపాటి కవర్ ఉంటే తీసి ఆనించాలి. లేకపోతే ఫోనుకి గుచ్చాల్సిందే, అప్పుడు టైప్-సీ కీయే కొనాలి. పాత సిస్టమ్‌కి అది పట్టకపోతే చిన్న కన్వర్టర్ గాంధీ రోడ్డులో ఏ మొబైల్ షాపులోనైనా దొరుకుతుంది.