న్యూక్లియర్ ఇంజినీరింగ్‌లో చేర్పించమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ఊరు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. అణువిద్యుత్తు లక్ష మెగావాట్లకు పెరుగుతుందని, ప్రైవేటు కంపెనీలూ వస్తాయని పేపర్లలో రోజూ చూస్తున్నాం. కొవ్వాడ ప్లాంటు మా పక్కనే. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వారు బీటెక్ న్యూక్లియర్ సీటుకు ఈ వారమే అడ్వాన్సు కట్టమంటున్నారు. వాళ్ళ అమ్మకు రేడియేషన్ భయం. మెకానికల్ మేలా, ఇది మేలా? పేపరు కత్తిరింపులు పంపుతున్నాను.

జవాబు: మూడు కత్తిరింపులూ చూశానండీ. ‘లక్ష మెగావాట్లు’ కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశారు. ఆ వాక్యంలోనే ‘2047 నాటికి’ అని కూడా ఉంది. దాని కింద గీత లేదు. అప్పటికి మీవాడికి నలభై దగ్గర పడతాయి. ఇప్పుడు దేశమంతా కలిపినా సామర్థ్యం సుమారు తొమ్మిది వేల మెగావాట్లే.

కొవ్వాడ సంగతి నాకంటే మీకే బాగా తెలియాలి. కేంద్రం ఆ స్థలానికి సూత్రప్రాయంగా సరేనన్నది 2009లో, మీవాడు ఇంకా ఉయ్యాల దిగని రోజుల్లో. 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కడతామన్నారు. వాటిని ఇవ్వవలసిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది. ప్రమాదం జరిగితే పరిహారం ఎవరి నెత్తిన పడాలన్న పేచీ 2010 చట్టం నుంచీ నడిచింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ బిల్లును ఆమోదించి ఆ పాత చట్టాన్ని పక్కన పెట్టింది, ప్రైవేటుకు తలుపు తీసింది. మంచిదే. కానీ చట్టానికీ ఉద్యోగ ప్రకటనకూ మధ్య భూమి, పర్యావరణ అనుమతి, డబ్బు మంజూరు, అణుశక్తి నియంత్రణ మండలి సమ్మతి ఉన్నాయి. పత్రికలు ఒక్కో మెట్టుకూ ‘కొవ్వాడకు పచ్చజెండా’ అనే శీర్షికే పెడతాయి. మొదటి కాంక్రీటు పోశారన్న వార్త వచ్చిన రోజున ఎర్ర పెన్ను తీయండి.

పేపర్ల గాలి ఎదురు తిరిగిన రోజులూ చూశాను. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం, ఆ వెంటనే తమిళనాడులో కూడంకుళం ప్లాంటుపై ఆందోళన. అణువిద్యుత్తు పని అయిపోయిందనే రాతలే అప్పుడన్నీ. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) శిక్షణకు ఎంపికైన కొడుకును ఆపేయమంటారా అని ఒక తండ్రి నా దగ్గరకు వచ్చారు. ఆయన చేతిలోనూ కత్తిరింపులే.

ఇక కోర్సు. నాకు దీని మీద నమ్మకం తక్కువ. అణువిద్యుత్ కేంద్రాలను నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్, బార్క్ ప్రధానంగా తీసుకునేది మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళను. రియాక్టరు పాఠం ఆ సంస్థలే చెప్పుకుంటాయి. బార్క్ శిక్షణ పాఠశాల 1957 నుంచీ ఆ పని చేస్తోంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌నే చూడండి. అక్కడ తయారయ్యే ఇంధన కట్ట అర మీటరు పొడవుంటుంది. 220 మెగావాట్ల రియాక్టరుకైతే అందులో పందొమ్మిది కడ్డీలు. యురేనియం బిళ్ళలను కాల్చి గట్టిపరచడం, జిర్కోనియం గొట్టాల్లో పేర్చడం, చివరలు వెల్డింగ్ చేయడం. ఇందులో లోహశాస్త్రం, మెకానికల్, కెమికల్ ఎంతుందో మీరే లెక్కపెట్టండి. మెకానికల్ చదివినవాడికి అణురంగం అందకపోతే ఇంకో పది తలుపులుంటాయి. పోలిక అడిగారు, నేను చెప్పగలిగింది ఇంతే.

వాళ్ళ అమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. సిబ్బందికి తగిలే రేడియేషన్ అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదుకు కొలమానం) మించకూడదని నిబంధన. ఒంటిమీద బ్యాడ్జి పెట్టి కొలుస్తారు. ఆమెకు ఇది నెమ్మదిగా చెప్పండి.

మీ అసలు ఆశ మాత్రం వేరు. కొడుకు ఇంటి పక్కనే ఉద్యోగం చేస్తాడని. అది తప్పు కాదు. అయితే పోస్టింగు రాజస్థాన్‌లోని రావత్‌భాటాలోనో గుజరాత్‌లోని కాక్రపార్‌లోనో పడవచ్చు. ఇంత ఉత్తరంలో వాడేమంటున్నాడో ఒక్క ముక్క లేదు. చదవబోయేది మీరా, వాడా? వాడికి పదిహేడేళ్ళు, ఇంకా దారేమీ తప్పలేదు. మంచి కాలేజీలో మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి ఏ కోర్ బ్రాంచి తీసుకున్నా నష్టపోడు.

అడ్వాన్సు కట్టకండి. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరం వాణ్ణే రాయమనండి.