కనుమ దాటే రోజుకు

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

సైకిళ్ల మీద కొండ కనుమ దాటే రోజు బృందాన్ని నువ్వే నడిపిస్తున్నావు కనుక ముందు లెక్క మార్చుకో. మైదానంలో రోజును కిలోమీటర్లతో కొలుస్తాం, కొండల్లో ఎక్కాల్సిన ఎత్తుతో కొలవాలి. బ్యాగులు కట్టిన సైకిల్ మీద మామూలు రైడరు గంటకు 300 నుంచి 400 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు. మొత్తం ఎక్కుడు 1,500 మీటర్లైతే తొక్కడానికే నాలుగైదు గంటలు, ఆగడాలు కలిపితే ఆరు. వేసవిలో కొండల మీద మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన పట్టడం మామూలే. బోడి కనుమ మీద పిడుగుకు దాక్కునే చోటు ఉండదు. పన్నెండింటికల్లా పైన ఉండాలంటే ఆరింటికే బయల్దేరాలి. అందరికన్నా నెమ్మదిగా ఎక్కే మనిషిని బట్టే ఈ లెక్క వెయ్యి.

సైకిళ్లను ముందురోజు సాయంత్రమే చూడండి. డిస్క్ బ్రేకు ప్యాడు మీద అరిగే పొర మందం ఒక మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చెయ్యాలి. కొత్త ప్యాడ్లు వేస్తే చదును దారి మీద వేగం అందుకుని బ్రేకు పట్టడం ఇరవైసార్లు చెయ్యండి. అలా అరగకుండా వాలు మీదికి తీసుకెళ్తే అవి సరిగా పట్టవు. తర్వాత ప్రతి సైకిలునూ వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి వేసి, డిరైలరు (గొలుసును గేర్ల మధ్య జరిపే భాగం) స్పోకులకు తగులుతోందేమో చూడండి. రవాణాలో సైకిల్ పక్కకి పడితే హ్యాంగర్, అంటే డిరైలరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, లోపలికి వంగుతుంది. మైదానంలో ఆ గేరు ఎవరూ వాడరు కనుక బయటపడదు. మొదటి నిటారు ఎక్కుడులో డిరైలరు స్పోకుల్లోకి వెళ్లి చక్రమే పాడవుతుంది. హ్యాంగర్ ఒక్కో సైకిల్ మోడలుకు ఒక్కో రకం, ఎవరిది వాళ్లే స్పేరు తెచ్చుకోవాలి.

ఎక్కేటప్పుడు గుంపును కలిపి ఉంచాలని చూడకు. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో ముందువాడి వెనక నక్కితే గాలి నుంచి దక్కే లాభం దాదాపు ఏమీ లేదు. పక్కవాడి వేగానికి తొక్కిన మనిషి మొదటి గంటలోనే బలం అరగదీసుకుంటాడు. తొలి అరగంట పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత తేలిగ్గా తొక్కమను. ముందున్నవాడు ప్రతి కూడలిలో ఆగి, వెనకవాడు మలుపు చూశాకే కదలాలి. పంపు, పనిముట్లు, ప్రథమ చికిత్స సంచీ చిట్టచివరి మనిషి దగ్గరుండాలి, ఎందుకంటే ఆగిపోయినవాడి దగ్గరికి తప్పకుండా వచ్చేది అతనొక్కడే. పనిముట్లు ముందున్నవాడి దగ్గరుంటే ఒక్క పంక్చర్‌కు అతను ఎక్కిందంతా దిగి రావాలి.

ఆకలయ్యేదాకా ఆగకుండా అరగంటకోసారి కొద్దికొద్దిగా తినాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు లెక్క పెట్టుకోండి. బాగా చెమట పట్టేవాళ్లకు ఉప్పు కూడా కావాలి. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పితో పాటు వాంతులైతే ఇక ఎక్కనివ్వకు, తోడిచ్చి కిందికి దింపు.

పైన చాలా బృందాలు ఒక అన్యాయం చేస్తాయి. చివరివాడు రాగానే మిగతావాళ్లు బయల్దేరతారు. అందరికన్నా అలసినవాడికి విశ్రాంతే ఉండదు, ఆ అలసటతోనే దిగుడులో తప్పు చేస్తాడు. అతను వచ్చాక కనీసం పదిహేను నిమిషాలు ఆగండి. ముందు చేరినవాళ్లు పైకి చేరిన వెంటనే తడిచొక్కా మార్చి జాకెట్, వేళ్లు పూర్తిగా కప్పే గ్లౌజులు వేసుకోవాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. దిగేటప్పుడు ఒళ్లు వేడెక్కదు, పైగా ఎదురుగాలి. వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టు చిక్కదు.

దిగుడుకు ఇరవై ముప్పై సెకన్ల ఎడంతో ఒక్కొక్కరినే వదులు. ఒకరినొకరు దాటకూడదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు దాదాపు వదిలెయ్యాలి. బయటి పెడల్ కిందికి, చూపు మలుపు చివరికి ఉండాలి. బ్రేకును వదలకుండా సన్నగా నొక్కిపట్టి దిగడమే అసలు ప్రమాదం. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకైతే రిమ్ కాలి ట్యూబు పేలవచ్చు. నూనె డిస్క్ బ్రేకైతే ద్రవం మరిగి లివరు హ్యాండిల్ దాకా వచ్చేయవచ్చు. రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, వేగం తగ్గాక వదిలి, మళ్లీ పట్టాలి. కాలిన వాసన వస్తే ఆగి చల్లారనివ్వండి, డిస్కును చేత్తో ముట్టుకోవద్దు. తడిసిన రిమ్ మీద నీళ్లను ప్యాడ్లు తుడిచాకే బ్రేకు పడుతుంది, వానలో ఇంకా ముందే బ్రేకు వెయ్యాలి. ఎవరు ఆగినా మలుపులో ఆగకూడదు, తిన్నని దారి వచ్చాక రోడ్డు దిగి ఆగాలి.

కింద మళ్లీ తలలు లెక్కపెట్టు. టైర్లకు కోతలు పడ్డాయేమో, స్పోకులు, సామాను రాక్ బోల్టులు వదులయ్యాయేమో, ప్యాడ్లు ఎంత మిగిలాయో వెలుతురు ఉండగానే చూసెయ్యండి. వానలో దిగినరోజు ఒక జత ప్యాడ్లు పూర్తిగా అరిగిపోవచ్చు.

ఆశీస్సులతో,
పెదనాన్న