"గొయ్యి నీది బాబూ"

ప్రశ్న: సొంత స్థలంలో ఇల్లు కట్టిస్తున్నాం. "పనిలో జరిగే నష్టాలకు కాంట్రాక్టరే బాధ్యుడు" అని అగ్రిమెంట్‌లో ఒక లైను రాసుకుంటే చాలా?

చాలదు. సరిగ్గా ఆ లైనే మా అగ్రిమెంట్‌లో కూడా ఉంది.

నరసరావుపేటలో మా నాలుగు సెంట్ల స్థలంలో 2018లో ఇల్లు మొదలుపెట్టాం. నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే పునాదికి ఆరడుగుల లోతు తియ్యమని ఇంజినీరు చెప్పాడు. జేసీబీ వచ్చి ఒక్క పూటలో పక్కింటి ప్రహరీ అంచుదాకా తవ్వేసింది. మర్నాడు ఇనుము కట్టే మనుషులు రావాలి, రాలేదు. వేరే సైటులో స్లాబు ఉందని కాంట్రాక్టర్ వాళ్లను అటు తీసుకెళ్లాడు. 19 రోజులు ఆ గొయ్యి అలాగే ఉంది. రోజూ ఫోన్ చేసేవాణ్ణి. "రేపు వచ్చేస్తాం సార్" అనేవాడు.

ఆగస్టులో ఒక రాత్రంతా వాన. తెల్లవారుజామున అయిదింటికి ఫోనొస్తే పరిగెత్తాను. ముప్ఫై అడుగుల గోడ, దాని మీదికి పాకించిన చిక్కుడు పాదు, కుళాయి పైపు అన్నీ మా గోతిలో ఉన్నాయి. పక్కింట్లో ఒక్కరే ఉండే రిటైర్డ్ టీచరమ్మ టార్చిలైటు పట్టుకుని వానలోనే నిలబడ్డారు. క్షమించమని, కాంట్రాక్టర్‌తో కట్టించేస్తానని అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. "నీ కాంట్రాక్టర్ ఎవరో నాకు తెలీదు. గొయ్యి నీది బాబూ" అన్నారు.

కాంట్రాక్టర్ పదింటికి వచ్చాడు. అగ్రిమెంట్ చూపించాను. "పనిలో జరిగే నష్టం అనే కదా సార్ రాశారు? నిన్న పనే జరగలేదు. గోడ వానకి పడింది. పైగా అది మన స్థలంలో లేదు" అన్నాడు. నాకు మాట రాలేదు. పునాది వాయిదా డబ్బు అప్పటికే ఇచ్చేసి ఉన్నాను, ఆపుకోవడానికి నా చేతిలో రూపాయి లేదు. గోడకూ పైపుకూ 84 వేలు నేనే పెట్టుకున్నాను.

తర్వాత తెలిసిన లాయరు గారు చెప్పారు, టీచరమ్మ మాటే చట్టానికి దగ్గరట. పక్క స్థలం మట్టికి మన మట్టి ఇచ్చే ఆసరా తీసేయకూడదన్నది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనే (పక్క స్థలాల మీద ఉండే హక్కుల చట్టం) ఉంది. నేనూ కాంట్రాక్టరూ ఏం రాసుకున్నా అది మా ఇద్దరి మధ్యే. పక్కింటావిడకు దానితో పని లేదు.

అందుకే చెబుతున్నాను, "నష్టం" అనే ఒక్క ముద్ద మాట రాయకండి. ఏ నష్టమో పేరు పెట్టి రాయండి. తవ్విన గొయ్యి ఎన్ని రోజుల్లో పూడ్చాలి, వాన వస్తే గోడ పక్కన ఆసరా ఎవరు పెట్టాలి, పక్కింటికి బీట వస్తే ఎవరు బాగుచేయాలి, పరంజా మీంచి మనిషి పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఇవన్నీ. ఏ ప్రమాదాన్ని ఎవరు ఆపగలరో దాన్ని వాళ్ల మీదే పెట్టాలి. గొయ్యిని ఖాళీగా వదిలేయకుండా ఆపగలిగింది కాంట్రాక్టర్ ఒక్కడే. అడుగున నేల ఎలాంటిదో తెలుసుకోవాల్సింది మాత్రం యజమానే. మట్టి పరీక్ష మీ డబ్బుతోనే చేయించండి, దాన్ని అతని నెత్తిన వేయకండి. కాంట్రాక్టర్ కూలీలకు ప్రమాద పరిహారం బీమా పాలసీ కట్టి, దాని కాపీ మీ చేతికిచ్చాకే వాళ్లను సెంట్రింగ్ ఎక్కనివ్వండి. వాళ్ల ప్రాణాల గురించి మన సైట్లలో ఎవరికీ పట్టకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఆలస్యానికి రోజుకు ఇంత జరిమానా అని పెద్ద అంకె రాసుకుని ధీమాగా ఉండేవాళ్లు కూడా ఉన్నారు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె పై హద్దు మాత్రమే. కోర్టు దానికి లోబడి న్యాయమనిపించినంతే ఇప్పిస్తుంది. అలాగే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో, అయిదేళ్ల గ్యారంటీ ఉందని చాలామంది అంటారు. అది అపార్ట్‌మెంట్లు, ప్లాట్లు అమ్మే బిల్డర్లకు. సొంత స్థలంలో మేస్త్రీతో కట్టించుకునే మనకు కాదు.

ఇంకో బాధ. గృహప్రవేశం భోజనాలకు లక్షలు పెట్టేవాళ్లు అగ్రిమెంట్ దగ్గరికొచ్చేసరికి "మనవాడేలే" అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద పాత నకలు దింపించుకుంటారు. మా కాంట్రాక్టరూ మనవాడే, మా బావమరిదికి స్నేహితుడు.

2022లో మా చెల్లెలి ఇల్లు మొదలైనప్పుడు అగ్రిమెంట్ నేనే కూర్చుని రాశాను. తెలుగులో, మూడు పేజీలు. ప్రతి బిల్లులో నూటికి అయిదు రూపాయలు ఆపి, ఇల్లు రెండు వానాకాలాలు చూశాక ఇస్తామని పెట్టాం. కాంట్రాక్టర్ రెండు రోజులు అలిగి, తర్వాత సంతకం చేశాడు. తవ్విన మర్నాడు నేను వెళ్లేసరికి పక్కింటి గోడ వారన సరుగుడు కర్రలు, రేకులు, ఇసుక బస్తాలు వరసగా పెట్టించి ఉన్నాడు. మేమెవరం గుర్తు చేయలేదు.