ఆరుగురం ఫ్రెండ్స్, జపాన్ ట్రిప్, నాకు మిగిలేది నెలకి ఏడు వేలే. ఏం చేయమంటారు?

ప్రశ్న: బీటెక్ బ్యాచ్ ఫ్రెండ్స్ ఆరుగురు అమ్మాయిలం కలిసి జపాన్ వెళ్దామని వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. వచ్చే మార్చి చివర్లో, చెర్రీ పూల టైమ్‌కి, 8 రాత్రులు. మనిషికి లక్షా పాతిక వేలు అనుకున్నాం. మిగతా ఐదుగురివీ సాఫ్ట్‌వేర్, బ్యాంక్ జాబ్స్. నేను కాకినాడలో ప్రైవేట్ జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్‌ని, జీతం 34 వేలు. ఇంటికి 10, హాస్టల్‌కి 8, చీటీకి 5, పై ఖర్చులకి 4 పోగా 7 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ 60 వేలు ఉంది. చీటీ లక్షది, 20 నెలలు, 8 కట్టాను, అది చెల్లి బీఈడీ ఫీజు కోసం వేసింది. చీటీ పాడేయనా, పర్సనల్ లోన్ తీసుకోనా? జపాన్ రైళ్లలో తిరగడానికి జేఆర్ పాస్ కొనాలా? ఒక ఫ్రెండ్ అన్నీ తన క్రెడిట్ కార్డు మీద బుక్ చేస్తా, వచ్చాక పంచుకుందాం అంటోంది. ఇంకో ఫ్రెండ్ ఏజెంట్ ప్యాకేజీ లక్షా 85 వేలకి తీసుకుందాం, ఆదివారంలోగా తలా 10 వేలు అడ్వాన్స్ అంటోంది. నా పరిస్థితి వాళ్లకి ఇంకా చెప్పలేదు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన లైన్ ఆ చివరిదేనండి, దాని దగ్గరకి తర్వాత వస్తా. ముందు లక్షా పాతిక సరిపోతుందా లేదా చూద్దాం.

లెక్క కోసం 100 యెన్లు అంటే 60 రూపాయలు అనుకుందాం, రేటు అటూ ఇటూ అయినా తట్టుకునేలా కొంచెం ఎక్కువే వేసుకోవడం మంచిది. హైదరాబాద్ నుంచి ఒక స్టాప్‌తో, బ్యాగేజీతో కలిపి రానూపోనూ టికెట్‌కి 50 వేలు పెట్టుకోండి. వీసా, ఇన్సూరెన్స్ కలిపి 3 వేలు. ఇద్దరు పట్టే బిజినెస్ హోటల్ రూమ్‌లో మనిషికి రాత్రికి 5,000 యెన్లు, 8 రాత్రులకి 24 వేల రూపాయలు. టోక్యో నుంచి క్యోటోకి షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్), ఊళ్లలో మెట్రోలు, ఎయిర్‌పోర్ట్ బస్సులు, ఫుజి పర్వతం చూడటానికి కవగుచికోకి బస్సులో ఒక రోజు, అన్నీ కలిపి 30 వేల యెన్లు, అంటే 18 వేల రూపాయలు. తిండికి రోజుకి 3,000 యెన్ల చొప్పున తొమ్మిది రోజులకి 16,200. ఎంట్రీ టికెట్లు, చిన్న చిన్న కొనుగోళ్లకి 6 వేలు, ఈసిమ్‌కి 1,500. మొత్తం 1,18,700. దీని మీద ఒక 12 వేలు అత్యవసరానికి వేయకుండా ఏ ట్రిప్ ప్లాన్‌కీ నేను ఓకే చెప్పను. అంటే 1,30,700. ఒక్క రాత్రి తగ్గించారనుకోండి, రూము, తిండి, తిరుగుడు కలిపి 5,400 మిగులుతుంది, మీ లక్షా పాతిక దగ్గరకే వచ్చేస్తాం. సో 7 రాత్రులైతే మీ నంబర్ కరెక్టే.

కానీ మార్చి చివర్లో కాదు. ఆ టైమ్‌లో క్యోటోలో హోటల్ రేట్లు చూస్తే నేను పైన రాసిన 5,000 యెన్లు జోక్ లాగా ఉంటుంది. అదయ్యాక కొన్నాళ్లకే గోల్డెన్ వీక్ సెలవులు, ఏప్రిల్ 29 నుంచి మే మొదటి వారం దాకా, అప్పుడు జపాన్ మొత్తం రోడ్డు మీదే ఉంటుంది. అయినా మార్చి చివరంటే మీకు ఇంటర్ పరీక్షలు, స్పాట్ వాల్యుయేషన్, సెలవు ఎవరిస్తారండి? అదే జనవరి మధ్యలో అయితే అక్కడ న్యూ ఇయర్ రద్దీ అయిపోయి హోటళ్లు చవగ్గా ఉంటాయి, ఆకాశం క్లియర్‌గా ఉండి ఫుజి బాగా కనిపించే నెలలు కూడా అవే, పైగా మీకు సంక్రాంతి సెలవులు. రెండో సోమవారం మాత్రం వాళ్లకి సెలవు, ఆ వీకెండ్ ఒక్కటి తప్పించుకోండి. చలి గట్టిగానే ఉంటుంది, కోట్లు కొనకుండా ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్లండి. పండక్కి ఇంట్లో లేకుండా ఎక్కడికి అని అమ్మ అడిగితే ఏం చెప్పాలన్నది మాత్రం నా సబ్జెక్ట్ కాదు.

జేఆర్ పాస్ సంగతి. పాత వీడియోలన్నీ కొనమనే చెప్తాయి, ఎందుకంటే 2023 అక్టోబర్ ముందు 7 రోజుల పాస్ 29,650 యెన్లు. ఆ అక్టోబర్‌లో అది 50,000కి పెరిగింది, అంటే 30 వేల రూపాయలు. మీ రూట్‌లో టోక్యో నుంచి క్యోటోకి ఒక్కసారే షింకన్‌సెన్ ఎక్కుతారు, దానికి దాదాపు 14,000 యెన్లు. టోక్యోలో దిగి ఒసాకా కన్సాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి తిరుగు ఫ్లైట్ ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి రావాల్సిన పనే లేదు. పాస్ కొంటే మనిషికి 36,000 యెన్లు, అంటే 21,600 రూపాయలు దండగ, ఆరుగురికి కలిపితే 1,29,600, ఏడో ఫ్రెండ్‌ని కూడా తీసుకెళ్లి రావచ్చు ఆ డబ్బుతో. ఊళ్లో తిరగడానికి సుయికా లాంటి ట్యాప్ కార్డు చాలు. ఐఫోన్ ఉంటే ఫోన్‌లోనే వస్తుంది, మన దగ్గర కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో రాదు కాబట్టి వాళ్లు ప్లాస్టిక్ కార్డు తీసుకోవాలి.

ఇక అసలు విషయం, మీ ఏడు వేలు. మార్చికి ఎనిమిది నెలలుంది, 56 వేలు పోగవుతాయి, ఇంకో 69 వేలు లోటు. దాన్ని పూడ్చడానికి మీ దగ్గరున్న దారులన్నీ ఇంకెవరి డబ్బులోనో చెయ్యి పెట్టేవే. చీటీ ఇప్పుడే పాడితే, పాట ఎలా నడుస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు, 20 వేలకి పోయిందనుకోండి, చేతికి 80 వేలు, మిగతా 12 వాయిదాలు ఎలాగూ కట్టాలి, రేపు చెల్లి ఫీజు టైమ్‌కి మళ్లీ మొదటికొస్తారు. ఎఫ్‌డీ 60 వేలు అంటే మీ రెండు నెలల ఖర్చులు, ప్రైవేట్ కాలేజీల్లో వేసవి జీతం ఎప్పుడు ఆపుతారో తెలీని ఉద్యోగంలో ఉండి దాన్ని ముట్టుకోవద్దు. పర్సనల్ లోన్ 60 వేలు 16 శాతానికి రెండేళ్లకి తీసుకుంటే ఈఎమ్‌ఐ దాదాపు 2,940, వడ్డీనే పదిన్నర వేలు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. మీకు మిగిలే ఏడు వేలల్లో మూడు వేలు రెండేళ్లపాటు దానికే పోతే ఈలోపు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే ఇంకో లోన్.

అదే ట్రిప్‌ని ఆ పై ఏడాది సంక్రాంతికి జరపండి. ఇప్పుడు జులై, పద్దెనిమిది నెలలు, ఏడు వేల చొప్పున 1,26,000. ఎవరికీ రూపాయి బాకీ లేదు. ఇది విని మీ గ్రూప్‌లో కనీసం ఇద్దరు మొహం మాడుస్తారు, నాకు తెలుసు, మాడ్చనివ్వండి. గ్రూప్ ట్రిప్‌లో బడ్జెట్, తేదీ రెండూ అందరికన్నా తక్కువ మిగిలే మనిషిని బట్టే పెట్టాలి, సగటు చూసి కాదు, ఎందుకంటే ఎక్కువ ఉన్నవాళ్లు తక్కువలో సర్దుకోగలరు గానీ రివర్స్‌లో అయితే అప్పే. అందుకే మీరు చెప్పకపోవడం ఖరీదైన లైన్ అన్నా. గ్రూప్‌లో పెద్ద కథ రాయక్కర్లేదు, "నాకు నెలకి ఏడు వేలే కుదురుతుంది, ఆ పై సంక్రాంతికైతే నేను రెడీ, మీకు తొందరైతే మీరు వెళ్లి రండి" అని రెండు ముక్కలు రాయండి. వాళ్లు మార్చిలోనే వెళ్తే వెళ్తారు, పోన్లెండి, జపాన్ ఎక్కడికీ పోదు.

ఏడు వేలు జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకి (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వెళ్లిపోయేలా పెట్టండి. ఏడాదిన్నర డబ్బుని ఈక్విటీ ఫండ్‌లో వేయమని ఎవరైనా చెప్తే వినొద్దు, టికెట్ కొనే వారంలోనే మార్కెట్ పడితే ఏం చేస్తారు. మధ్యలో చీటీ అయిపోయాక ఖాళీ అయ్యే ఐదు వేలు మాత్రం ట్రిప్‌లో కలపకుండా అప్పుడు ఒక ఎస్‌ఐపీ మొదలుపెట్టండి, అది వేరే ఉత్తరం.

కార్డు మీద బుక్ చేసి తర్వాత పంచుకునే పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకం. కార్డు ఇచ్చే అమ్మాయి మంచిదే కావచ్చు, కానీ ఆరు టికెట్లంటే మూడు లక్షలు, బిల్లు డేట్‌కి ఇద్దరు "సాలరీ పడగానే వేస్తా" అన్నారంటే ఆ వడ్డీ ఎవరిది? అందరూ ఒకే రోజు కూర్చుని ఒకే ఫ్లైట్‌కి ఎవరి టికెట్ వాళ్లు కొనుక్కోండి. హోటల్‌కి ఆరుగురు పట్టే అపార్ట్‌మెంట్ ఒకటి తలకి చవగ్గా కనిపిస్తుంది గానీ ఒకరు డ్రాప్ అయితే ఆ వాటా మిగతా ఐదుగురి నెత్తిన పడుతుంది, మూడు ట్విన్ రూములు, ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవి తీసుకోండి. టొయోకో ఇన్ లాంటి చెయిన్స్‌లో బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ, రూము చిన్నది, పెద్ద సూట్‌కేస్ రెండు తెరిస్తే నడవడానికి చోటుండదు. వీసా వచ్చేదాకా నాన్ రిఫండబుల్ ఏదీ వద్దు.

అక్కడికెళ్లాక ఉమ్మడి ఖర్చుకి తలా 5,000 యెన్లు ఒక పర్సులో వేసి ఒకరి చేతికివ్వండి, ట్యాక్సీలకి, లాకర్లకి. ట్యాక్సీలో నలుగురే పడతారు, ఆరుగురికి రెండు కావాలి, అందుకే ట్యాక్సీ మర్చిపోవడమే మంచిది. తిండి, షాపింగ్ మాత్రం ఎవరిది వాళ్లదే, దీన్ని ముందే రాసుకోండి. ఒకమ్మాయి సుషీ తింటుంది, ఇంకో అమ్మాయి కన్వీనియన్స్ స్టోర్‌లో 200 యెన్ల ఒనిగిరి (అన్నం ముద్ద) తింటుంది, రాత్రికి బిల్లు ఆరు భాగాలు చేస్తే స్నేహం అక్కడే చెడుతుంది. చవక తిండి అంటే అందరూ గ్యూడాన్ (అన్నం మీద మాంసం వేసిచ్చే గిన్నె) చెయిన్స్ పేర్లు చెప్తారు, అది బీఫ్ అని మాత్రం చెప్పరు, తినని వాళ్లుంటే గమనించండి. వెజ్ వాళ్లకి ఇంకా కష్టం, సూప్‌లో, సాస్‌లో చేప రసం దాదాపు అన్నిట్లో ఉంటుంది. హోటల్ రూమ్‌లో కెటిల్ ఉంటుంది కాబట్టి ఇన్‌స్టంట్ ఉప్మా, ఆవకాయ పట్టుకెళ్లండి, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం అస్సలు వద్దు, మాంసంతో చేసినవేవీ సర్టిఫికెట్ లేకుండా జపాన్‌లోకి రానివ్వరు, జరిమానా ట్రిప్ ఖర్చు కన్నా ఎక్కువ పడొచ్చు. సాయంత్రం పొద్దుపోయాక సూపర్‌మార్కెట్లలో లంచ్ బాక్సుల మీద సగం ధర స్టిక్కర్లు వేస్తారు, అది మంచి టైమ్.

చూడ్డానికి డబ్బులే అక్కర్లేనివి బోలెడు. క్యోటోలో ఫుషిమి ఇనారి ఫ్రీ, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, టోక్యోలో మెయిజీ గుడి, సెన్సోజీ ఫ్రీ, షింజుకులో మెట్రోపాలిటన్ గవర్నమెంట్ బిల్డింగ్ 45వ అంతస్తు నుంచి ఊరంతా ఫ్రీగా కనిపిస్తుంది, డబ్బులిచ్చి వేరే టవర్ ఎక్కడం మీ ఇష్టం. నారాలో జింకలకి టికెట్ లేదు.

కార్డుల గురించి ఒక్క మాట. మామూలు క్రెడిట్ కార్డు విదేశంలో గీకితే 3.5 శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4 శాతం పైమాటే. 60 వేలు ఖర్చు పెడితే దాదాపు 2,500 ఊరికే పోయినట్టు. మార్కప్ లేని కార్డు ఒకటి ముందే తీసుకోండి, మెషీన్ యెన్లలోనా రూపాయల్లోనా అని అడిగితే యెన్లే నొక్కండి. క్యాష్‌కి సెవెన్ ఇలెవెన్ షాపుల్లో ఏటీఎమ్‌లు మన కార్డులు తీసుకుంటాయి. వీసాకి బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీఆర్ చూస్తారు, మీకు పన్ను పడకపోయినా ఈ నెలాఖరులోగా రిటర్న్ వేసేయండి. అప్లై చేసే ముందు ఫ్రెండ్‌తో లక్ష వేయించుకుని బ్యాలెన్స్ చూపించే ఐడియా ఎవరైనా ఇస్తే వద్దు, నెలనెలా పెరిగిన మీ ఆర్‌డీయే బాగా కనిపిస్తుంది.

చివరగా ఆ ప్యాకేజీ. మన లెక్క కన్నా మనిషికి 60 వేలు ఎక్కువ, పైగా విదేశీ టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, అదే ఎవరి ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) వాళ్లు కొనుక్కుంటే ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు. ఆ పట్టుకున్నది రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుందనుకోండి, కానీ మీ పరిస్థితిలో నెలల తరబడి ఇరుక్కోవడం ఎందుకు. ఆదివారం 10 వేలు కట్టొద్దు. మీ ఫ్రెండ్ ఈలోపే మీ తరపున కట్టేస్తా అంటే, క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కిస్తారో ఏజెంట్‌ని రాతపూర్వకంగా ఇమ్మని అడగమనండి, ఆ కాగితం వచ్చేదాకా ఎవర్నీ కట్టనివ్వొద్దు.