హాస్టల్‌కు కార్పొరేషన్ నోటీసు: లైసెన్సు తీసుకోవాలా, కుటుంబాలకు బాడుగకివ్వాలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, పింఛను నెలకు 45,000. తిరుపతి బైరాగిపట్టెడలో మూడంతస్తుల మిద్దె ఉంది. కింద మేముంటాం. పైన నాలుగు పోర్షన్లలో కుటుంబాలుండేవి, ఒక్కోదానికి 9,000 బాడుగ. నిరుడు వాటిని ఖాళీ చేయించి 24 మంది విద్యార్థులకు భోజనంతో హాస్టల్ పెట్టాను. తలకు నెలకు 6,500 తీసుకుంటున్నాం. తిండికి తలకు 3,200, వంటమనిషికీ సహాయకురాలికీ కలిపి నెలకు 22,000 అవుతోంది. కరెంటు, నీళ్లకు ఏడాదికి 1,08,000, మరమ్మతులకు 60,000. ఇప్పుడు ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలని, తనిఖీ ఉంటుందని, 15 రోజుల్లో జవాబివ్వాలని నోటీసు వచ్చింది. ఆ ఖర్చు పెట్టుకుని నడపమంటారా, మానేయమంటారా?

జవాబు: మాస్టారూ, లైసెన్సు ఫీజు సంగతి తర్వాత. హాస్టల్ మీకు ఏం మిగులుస్తోందో ముందు చూద్దాం.

నెలకు 1,56,000 చేతికొస్తుంటే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ వేసవిలో రెండు నెలలు మంచాలు ఖాళీ. పది నెలలకు వచ్చేది 15,60,000. అందులో తిండికే 7,68,000 పోతుంది. సెలవుల్లో వంటమనిషిని మానిపిస్తే జూన్‌లో మళ్లీ దొరకదు కాబట్టి జీతాలు పన్నెండు నెలలకూ 2,64,000. కరెంటు, నీళ్లు, మరమ్మతులు కూడా తీసేస్తే మిగిలేది 3,60,000. అదీ 24 మంచాలూ నిండితేనే. సగటున 20 మందే ఉంటే 2,28,000కు పడిపోతుంది. కుటుంబాలకిస్తే, ఒక్కో పోర్షను ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉన్నా 3,96,000 వస్తుంది. హాస్టల్ కోసం మీరు పడే కష్టానికి నేను వెల కట్టనేలేదు.

అందుకే మానేయమనే చెబుతాను. నోటీసుకు భయపడి కాదు, లెక్క కుదరక.

పన్ను కోసమని అటూ ఇటూ ఆలోచించక్కర్లేదు. భోజనంతో నడిపే హాస్టల్ ఆదాయం వ్యాపారం కిందికి వస్తుంది. ఉత్త బాడుగైతే ఇంటి ఆదాయం: మీరు కట్టిన ఇంటిపన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు దొరుకుతుంది, ఖర్చుల రసీదులు అడగరు. పింఛను 5,40,000, మినహాయింపు పోను బాడుగ సుమారు 2,77,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపే కాబట్టి మీరు కట్టాల్సిన పన్నేమీ ఉండదు.

నాకు ఎక్కువ భయం కరెంటు మీటరు గురించే. గృహ కేటగిరీ మీటరు మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వాడకం అవుతుంది. వర్తించే ధరకు రెండింతలు లెక్కిస్తారు. ఎప్పటినుంచో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు వేస్తారు. వాణిజ్య ధరలో మీ బిల్లు నెలకు 10,000 అవుతుందనుకుంటే లెక్క 2,40,000కు చేరుతుంది. 24 మంచాలూ నిండిన ఏడాది మిగులులోనూ మూడింట రెండొంతులు దానికే పోతుంది. తనిఖీ వాళ్లు రాకముందే కేటగిరీ మార్పుకు కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టండి. మీటరుకు మంజూరైన లోడు చాలుతుందో లేదో కూడా చూసుకోండి. 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి వేస్తేనే 8 కిలోవాట్లు.

కార్పొరేషన్‌కు గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. విద్యాసంవత్సరం ముగిసేదాకా నడుపుతామని, అంతవరకు లైసెన్సుకు దరఖాస్తు చేస్తున్నామని రాయండి. చదువు మధ్యలో పిల్లల్ని బయటికి పంపొద్దు.

వాళ్లున్నన్నాళ్లూ మాత్రం భద్రతలో రాజీ పడకండి. మిద్దె మీది తలుపుకు రాత్రి తాళం వేస్తారు చూడండి, అగ్గి పుడితే అదే ప్రాణాంతకం. లోపలినుంచి చేత్తో తీసే గడియ పెట్టించండి. మెట్ల కింద ఇన్వర్టరు గానీ గ్యాసు సిలిండర్లు గానీ ఉంటే తీసేయండి. అంతస్తుకొక 6 కిలోల ఏబీసీ పౌడరు మంటలార్పే సిలిండరు, మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి. హాస్టల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు లెక్క, అంటే మీకు 3,240 లీటర్లు. సంపు అంతకు చాలదంటే వేసవి మొదలయ్యేసరికి ట్యాంకర్ల ఖర్చు అదనం.

మొత్తం మిద్దెను హాస్టల్ నడిపేవాళ్లకు లీజుకిద్దామన్న ఆలోచన రావొచ్చు. శ్రమ తగ్గుతుంది, కానీ మీటరు మీ పేరునే ఉంటే బకాయి కూడా మీ పేరునే వస్తుంది. ఇవ్వాల్సి వస్తే కేటగిరీ మార్పు, ట్రేడ్ లైసెన్సు వాళ్ల ఖర్చుతో పూర్తయ్యాకే తాళాలివ్వండి.

కుటుంబాలకిచ్చేటప్పుడు ఒక్కమాట. పదకొండు నెలల కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటుంటారు. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత గడువెంతైనా లీజును రిజిస్టరు చేయించాల్సిందే. చేయించని కాగితంలోని షరతులు కోర్టులో నిలబడటం కష్టం. ఆ ఖర్చులో ఎవరి వాటా ఎంతో అడ్వాన్సు తీసుకునేటప్పుడే మాట్లాడుకోండి.